ఒడ్డున గొడుగు పట్టిన బావ

మా బావకు ఏడాదిలో నాలుగు రోజులు సముద్రం ఒడ్డున కదలకుండా కూర్చునే పని ఉంది. మా అక్కను పెళ్లి చేసుకుని ఇరవై ఆరేళ్లు, ఆ పనిలో చేరి పదేళ్లు. రెంటిలో దేన్ని ఎక్కువ శ్రద్ధగా చేస్తున్నాడని ఎవరైనా అడిగితే నేను మా అక్క లేని చోట మాత్రమే జవాబు చెబుతాను.

పని ఇదీ. ఆయన స్నేహితులు ముగ్గురు పొద్దున్నే పొడవాటి బోర్డులు చంకన పెట్టుకుని అలల మీద సర్ఫింగ్ చెయ్యడానికి పోతారు. ముగ్గురికీ సైటే. కళ్లజోడుతో నీళ్లలోకి దిగితే మొదటి అలకే అది చేపలపాలు. అందుకని జోళ్లు విప్పి, పెట్టెల్లో పెట్టి, మా బావ ఒళ్లో పడేసి వెళ్తారు. అక్కణ్ణుంచి వాళ్లకు ఒడ్డంటే పచ్చటి మసక, ఆకాశమంటే తెల్లటి మసక. ఆ మసకలో ఆనేది ఒక్కటే, మా బావ చేతిలోని పెద్ద నారింజ రంగు గొడుగు.

అక్కడి నీళ్లకు ఒక దుర్గుణం ఉంది. బోర్డు మీద ఊరికే కూర్చున్నా సరే, తెలియకుండా పక్కకి లాక్కుపోతాయి. ఆ పక్కన, ఒడ్డు వెంట ఓ ఆరువందల అంగల దూరంలో, నల్లటి రాళ్లగుట్ట ఉంది. కాబట్టి ముగ్గురూ ఒక నియమం పెట్టుకున్నారు. గొడుగు పక్కకి జరిగినట్టు కనిపిస్తే, జరిగింది గొడుగు కాదు, తామే. అది మళ్లీ ఎదురుగా వచ్చేదాకా చేతులతో నీళ్లు తోసుకుంటూ పోవాలి.

"గొడుగును ఇసుకలో గుచ్చి నువ్వు హాయిగా పడుకోవచ్చుగా బావా?" అని ఒకసారి అడిగాను.

"గుచ్చాం. గాలికి లేచి ఐస్‌క్రీమ్ బండి మీద పడింది. అప్పట్నుంచి చేత్తోనే."

ఆ "చేత్తోనే" అన్న మాటలో ఎంత గర్వముందో, ఎంత భయముందో నాకు చాలాకాలం తెలియలేదు.

మా బావ పంతొమ్మిదో ఏట కళ్లద్దాల షాపులో అద్దాలు తుడిచే పనికి చేరాడు. ముప్ఫై నిండేసరికి షాపు ఆయన చేతికొచ్చింది. ఒక నెలలో ముగ్గురు మనుషులు వేరువేరుగా వచ్చి ఒకే మాట చెప్పారట. "కళ్లజోడు సముద్రంలో పోయిందండీ." మొదటాయన లెక్కల మేష్టారు. రెండో ఆయన లిఫ్టు మెకానిక్. మూడో ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. ముగ్గురూ సర్ఫింగ్‌కి పోయినవాళ్లే, కానీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. మా బావకు మాత్రం ఆ సముద్రంలో ఏముందో చూడాలనిపించింది. ముగ్గురికీ కొత్త జోళ్లు ఒకేరోజు ఇస్తానని చెప్పి, ఒకే టైముకి రమ్మని, షాపులో ఉన్న రెండు స్టూళ్ల మీద ముగ్గురినీ సర్ది కూర్చోబెట్టాడు. ఆ నెల చివర నలుగురూ కలిసి వెళ్లారు. ఇరవై రెండేళ్లుగా వెళ్తూనే ఉన్నారు.

నలుగురిలో కళ్లజోడు లేనివాడు మా బావ ఒక్కడే. అలలు అందరికంటే ముందు ఆయనకే కనిపించేవి. పదకొండేళ్లు బోర్డు మీద నిలబడి, పడి, మళ్లీ నిలబడి నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక అల చెంప మీద కొట్టినట్టు కొట్టి చెవిలో పొర చింపేసింది. డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, "ఇక స్నానానికి కూడా దూది పెట్టుకోండి" అన్నాడు.

మరుసటి ఏడాది ఆ ముగ్గురే వెళ్లారు. ఒడ్డున దిగిన ఫోటో ఒకటి ప్రేమగా పంపించారు. మా బావ ఆ ఫోటోను నాకు చూపించి, "చూడరా, నేను లేకపోయినా ఎంత బాగా నవ్వుతున్నారో" అన్నాడు. ఆ వారమంతా షాపులో స్క్రూలు కింద పడేసుకుంటూనే ఉన్నాడు. స్నేహమంటే తలుచుకోవడంలో ఉంటుంది, పక్కన ఉండడంలో కాదు అని నేనేదో పెద్దమనిషిలా చెప్పబోయాను. "నువ్వు తలుచుకునేవాడివి. నన్ను తలుచుకునేవాళ్లుండాలిగా" అన్నాడు.

ఆయన అదృష్టమో ముగ్గురి దురదృష్టమో, ఆ ఏడాదే మెకానిక్ పక్కకి కొట్టుకుపోయి రాళ్లకు గీరుకుని వచ్చాడు. మా బావ మందూ దూదీ పట్టుకుని పరామర్శకు వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఉద్యోగం సంపాదించుకుని వచ్చాడు. "నేనొచ్చి గుర్తుగా కూర్చుంటాను." దర్జీ దగ్గర ఒకే గుడ్డతో, ఒకే కొలతతో రెండు గొడుగులు కుట్టించాడు. ఒకటి పాడైతే ఇంకొకటి. ఆయన జాగ్రత్తలన్నీ ఇలాగే ఉంటాయి. ఇంటికి తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తాడు, వీధి మలుపు దాకా పోయి మళ్లీ వచ్చి మూడోసారి లాగుతాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు గొడవ ఆరేళ్లు గడిచాక, అంటే ఇప్పటికి నాలుగేళ్ల కిందట మొదలైంది.

నా కళ్లజోడు స్క్రూ వదులైతే షాపుకి వెళ్లాను. బావ లోపల ఎవరికో అక్షరాల చార్టు చదివిస్తున్నాడు. నాకు ఇతరుల సొరుగులు లాగి చూసే చెడ్డ అలవాటుంది, దాచుకోవడమెందుకు. పాత ఫ్రేముల కింద ఒక గుడ్డసంచి, సంచిలో మూడు జతల ఈత కళ్లజోళ్లు. రబ్బరు పట్టీతో తలకు బిగించుకునేవి. ఒకటి నా కళ్లకు పెట్టుకుని చూస్తే గోడ మీది గడియారం చిన్నదైపోయి ఎక్కడికో పారిపోయినట్టయింది. వాటిలో మామూలు అద్దాలు కాదు, పవరున్న అద్దాలు ఉన్నాయి. ఒక్కోదాని మీద చిన్న కాగితం అతికించి ఉంది. మేష్టారు, మైనస్ తొమ్మిది. నర్సమ్మ, అయిదున్నర. మెకానిక్, నాలుగు.

వెనక నుంచి బావ గొంతు. "పెట్టెయ్."

"ఇవి పెట్టుకుని నీళ్లలోకి దిగితే అన్నీ కనిపిస్తాయా?"

"పెట్టెయ్ అన్నానా."

"మరి వాళ్లకి ఇవ్వవేంటి?"

మా బావ షాపు బయటికి తొంగి చూసి, లోపలికొచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "లెన్సుల కంపెనీ మనిషి కొత్తగా వచ్చాయని చూపించాడురా. ఆదివారం కూర్చుని నేనే అరగదీసి బిగించాను. ఇచ్చేద్దామనే. తీరా చేశాక..." అని సొరుగు మూశాడు. "ఇచ్చేస్తే ఇంక నేనెందుకురా వాళ్లకి?"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. పైగా, ఎవరితోనూ అననని ఒట్టు వేసి, ఆ రహస్యాన్ని నాలుగేళ్లు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎప్పుడు కలిసినా "ఇచ్చావా?" అని సన్నగా గిల్లేవాణ్ణి. "వచ్చే ఏడాది" అని నీళ్లు నమిలేవాడు. పెద్దవాణ్ణి ఆటపట్టించే అవకాశం బావమరుదులకు తరచుగా దొరకదు. దొరికినప్పుడు ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆలోచించేంత ఇంగితం నాకు లేకపోయింది.

ఈ ఏడాది అక్క నన్ను కూడా వెంట పంపింది. "మీ బావకు బీపీ ఎక్కువగా ఉంటోంది. నిద్రలో మేష్టారి నంబరు కలవరిస్తున్నాడు. నువ్వు వెళ్లి కనిపెట్టుకుని ఉండు" అంది. ఫోన్ నంబరు కాదు, కంటి నంబరు. ప్రయాణానికి ముందు వారం ముగ్గురూ షాపుకొచ్చి కళ్లు చూపించుకోవడం ఆనవాయితీ. ఈసారి మేష్టారిది ఏకంగా పదిన్నరకి చేరింది.

వ్యాన్‌లో ఆరుగంటల ప్రయాణం. ప్రయాణాలు స్నేహాన్ని పెంచుతాయని రాసేవాళ్లు ఎవరితో ప్రయాణం చేస్తారో నాకు తెలియదు. కిటికీ ఎంత తెరవాలన్న దాని మీద మెకానిక్‌కీ మేష్టారికీ గంటన్నర వాదన నడిచింది. నర్సమ్మ గురక మొదలయ్యాక ఇద్దరూ ఒక్కటై ఆవిడ మీద జోకులు వేసుకున్నారు. ఆవిడ కళ్లు మూసుకునే, "వినపడుతోంది నాయనా, ఇంజెక్షన్ల రోజు ఒకటి వస్తుంది మీకు" అంది. మా బావ మాత్రం సంచి ఒళ్లో పెట్టుకుని, సంచి మీద చెయ్యి పెట్టుకుని, బస్టాండులో సామానుతో ఒంటరిగా కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఆ సంచిలో ఏమున్నాయో నాకు తెలుసు.

"ఈసారి ఇచ్చేస్తాన్రా" అన్నాడు నా చెవిలో. "పదిన్నరతో ఆ మనిషికి గొడుగు కాదు కదా, గుడారం వేసినా సరిగ్గా ఆనదు. టీకి ఆగినప్పుడు ఇచ్చేస్తా."

టీకి ఆగాం. బావ గొంతు సవరించుకున్నాడు. "మేష్టారూ, మీతో ఒక మాట..."

మేష్టారు గ్లాసు దించి, ఆ లావుపాటి అద్దాల వెనక నుంచి చిన్నగా కనిపించే కళ్లతో చూశాడు. "చెప్పవోయ్."

"టీలో పంచదార సరిపోయిందా?"

"సరిపోయింది."

"అయితే సరే."

నాకు నవ్వాగక టీ పొలమారింది. బావ నా వీపు మీద తట్టాడు, కొంచెం గట్టిగానే.

మర్నాడు పొద్దున్న ఒడ్డుకెళ్లాం. దిగేముందు ఇస్తాడేమోనని చూశాను. ముగ్గురూ కళ్లజోళ్లు తీసి ఆయన ఒళ్లో పెట్టారు. మేష్టారు ఖాళీ కళ్లతో ఆయన భుజం తడిమి పట్టుకుని, "ఇక్కడే ఉంటావుగా?" అన్నాడు. ప్రతి ఏడాదీ అడిగే మాటేనట. మా బావ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగుతో పాటే సంచి మీది చెయ్యి కూడా పక్కకి జారిపోయింది. "ఇక్కడే ఉంటాను మేష్టారూ" అన్నాడు.

వాళ్లు వెళ్లాక గంటసేపు బావ రెప్ప వెయ్యలేదు. నేనేదో అంటే "ఊఁ" అంటాడు, తల తిప్పడు. నాకు విసుగొచ్చింది. ఎండెక్కుతోంది. నా తల మీద వెంట్రుకలు ఎప్పుడో నా మీద అలిగి వెళ్లిపోయాయి, ఎండ సూటిగా గుండుకే తగులుతుంది. ఒడ్డు వెంట దూరంగా, రాళ్లగుట్ట పక్కన టీ కొట్టు కనబడింది.

"బావా, టీ తాగొస్తా. ఈ రెండో గొడుగు తీసుకెళ్తున్నా."

"ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ" నా మాటకు కాదు, ఎదురుగా లేచిన అలకు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. రెండో గొడుగు విప్పి, భుజానికి ఆనించుకుని, ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ రాళ్లవైపు నడిచాను. నీళ్లలోంచి చూసేవాళ్లకు అది ఎలా ఉంటుందో ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. మసకలో ఒక గొడుగు రెండుగా కనిపించడం వాళ్లకు వింతేమీ కాదు, కంటిని లాగేది కదిలేదే. ఆ రెంటిలో ఒకటి పక్కకి జరుగుతూ ఉంది. గొడుగు జరిగిందంటే, జరిగింది తాము. పదేళ్లుగా తలకెక్కిన నియమం. ముగ్గురూ బోర్డుల మీద బోర్లా పడుకుని, నాకు ఎదురుగా ఉండడానికి, నా వెంటే, రాళ్ల వైపుకు నీళ్లు తోసుకుంటూ రావడం మొదలుపెట్టారు.

ఇదంతా మా బావ చూస్తూనే ఉన్నాడు. అరిచాడు, గాలి ఎదురు. పరిగెత్తుకొచ్చి నన్ను ఆపుదామా అంటే, ఆయన గొడుగు కూడా రాళ్ల వైపే నడిచినట్టవుతుంది. గొడుగు కింద పెట్టి వద్దామా అంటే గాలికి లేచిపోతుంది, వాళ్లు తిరిగి రావడానికి ఉన్న ఒక్క గుర్తూ పోతుంది. రెండు చేతులతో కాడ బిగించి పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు రోజూ నడకకొచ్చే పెద్దావిడ ఒకామె ఆ దారిన వచ్చింది. ఆమెను బతిమాలాడు. ఆమె సరేనని బయల్దేరింది. మధ్యలో ఆగి, చెప్పులు విప్పి, ఇసుక దులుపుకుని, మళ్లీ తొడుక్కుందట. ఆ చెప్పుల దులుపుడు ఇప్పటికీ కల్లోకి వస్తోందంటాడు బావ.

నేను రెండో టీ చెబుతున్నాను.

"నాయనా, నువ్వు గొడుగు ముడిచెయ్యాలట."

"ఎవరు చెప్పారమ్మా?"

"అక్కడ అచ్చం ఇలాంటి గొడుగే పట్టుకుని నిలబడ్డాడే, ఆయన."

"నా గుండు, నా ఎండ. మధ్యలో ఆయనకేంటట?" అన్నాను. టీ కొట్టువాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకాస్త పెంచాను. "తన గొడుగు ముందు ముడవమని చెప్పండి, అప్పుడు చూద్దాం."

పెద్దావిడ నవ్వలేదు. "ఎందుకో నేను అడగలేదు నాయనా. ఆ మనిషి ఏడుస్తున్నాడు."

అప్పుడు తల తిప్పి నీళ్లకేసి చూశాను.

ముగ్గురూ సరిగ్గా నా ఎదురుగా ఉన్నారు. వాళ్లకు పక్కనే అలలు రాళ్లకు తగిలి నిలువెత్తున తెల్లగా లేస్తున్నాయి. మేష్టారు అందరికంటే ముందున్నాడు. గొడుగు మూద్దామని కాడ మీది మీట నొక్కాను. మూసుకోలేదు. మళ్లీ నొక్కాను. లోపలి ఊచ ఒకటి వంగి ఇరుక్కుపోయింది. లాగాను, తన్నాను. నోటికొచ్చిన తిట్లన్నీ మా బావ దర్జీకి అంకితం చేశాను. అది నారింజ రంగులో నిగనిగలాడుతూ ఇంకా విచ్చుకునే ఉంది. చివరికి దాన్ని కింద పడేసి, తిరగేసి, దాని మీద బోర్లా పడుకున్నాను. ఊచలు పటపట విరిగాయి. రెండు పొట్టలో గుచ్చుకున్నాయి. టీ కొట్టువాడు నవ్వడం ఆపి నావైపు భయంగా చూశాడు, నాకు పిచ్చి పట్టిందనుకుని కాబోలు.

ఇసుకలో గడ్డం ఆనించి చూశాను. ముగ్గురూ ఆగారు. ఎదురుగా ఉన్న గుర్తు ఒక్కసారిగా మాయమైతే ఎవరైనా ఆగుతారు. నర్సమ్మ ముందు తల తిప్పింది. వెనక్కి చూసింది, ఏదో అరిచింది. మెకానిక్ బోర్డు తిప్పాడు. మేష్టారు మాత్రం తిప్పలేదు. బోర్డు మీద లేచి కూర్చుని, తల అటూ ఇటూ తిప్పుతూ ఇంకా నా వైపే వెతుకుతున్నాడు. ఒక అల వచ్చింది. బోర్డు ఒకవైపు, మనిషి ఒకవైపు. బోర్డు పోయి రాతికి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. మనిషి కనిపించలేదు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు, ఇంకేం చెయ్యడానికి చేతకాక. పదిహేడు దగ్గర తెల్లటి నురగలోంచి ఒక చెయ్యి లేచింది. నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లుగా మనుషుల్ని మంచం మీదికీ మంచం కిందికీ మార్చిన చెయ్యి, వదల్లేదు. మేష్టార్ని తన బోర్డు మీదికి లాగి, తను నీళ్లలో వేలాడుతూ కాళ్లు కొట్టుకుంటూ, మెకానిక్ ముందు దారి చూపుతుంటే, వెనక్కి బయల్దేరింది. వాళ్లు చూస్తున్నది దూరంగా, మా బావ తల మీదికెత్తి పట్టిన గొడుగు వైపు. అది అంగుళం కదలలేదు.

నేను పరిగెత్తుకుంటూ చేరేసరికి ముగ్గురూ ఇసుకలో కూర్చుని ఉన్నారు. మేష్టారి మోకాలూ మోచెయ్యీ చెక్కుకుపోయాయి. బావ కళ్లజోళ్లు అందిస్తున్నాడు. నర్సమ్మది మెకానిక్‌కి, మెకానిక్‌ది మేష్టారికి ఇచ్చాడు. ముప్ఫై అయిదేళ్ల వృత్తిలో అది మొదటిసారి అయ్యుంటుంది.

"ఏం బామ్మర్దీ, వాకింగా?" అన్నాడు మెకానిక్. పొట్ట మీద రెండు చోట్ల రక్తం కారుతోంది, దాన్ని ఎవరైనా చూసి జాలిపడితే బాగుండుననిపించింది. ఎవరూ చూడలేదు.

"మేమిద్దరం రాళ్ల మోత విని తిరిగాం. మీరెందుకు తిరగలేదు మేష్టారూ?" అంది నర్సమ్మ, గాయం కడుగుతూ.

మేష్టారు తన జోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. "నేను లెక్క వేశాను. అంత కాసేపట్లో నేను అంత దూరం కొట్టుకుపోవడానికి వీల్లేదు. అంటే గొడుగే కదిలింది. పదేళ్లలో ఒక్క అడుగు కదలని మనిషి కదిలాడంటే వీడికి ఏదో అయ్యుంటుంది. చెవో, గుండెపోటో. వెళ్లి చూద్దామని వెనకే వెళ్లాను. ఇంతలో గొడుగు కనిపించకుండా పోయింది. పడిపోయాడనుకున్నాను."

బావ సంచి దగ్గరికి లాక్కుని, గుడ్డసంచి తీసి, మూడు జతలూ ఇసుకలో వరసగా పెట్టాడు.

"ఏంటివి?" అన్నాడు మెకానిక్.

"పెట్టుకుంటే నీళ్లలో కనిపిస్తుంది. మీ మీ నంబర్లే." అన్నాడు బావ. "నాలుగేళ్ల కిందట చేశాను. ఇవ్వలేదు. ఇస్తే నా పని అయిపోతుందని ఇవ్వలేదు. వాడికి కూడా తెలుసు" అని నన్ను చూపించాడు. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ నా అభిప్రాయం.

మెకానిక్ ఒకటి చేతిలోకి తీసుకుని, కింద పడేశాడు. "నాలుగేళ్లు. మమ్మల్ని గుడ్డివాళ్లను చేసి గొడుగు చూపించి ఆడించావన్నమాట. ఇవాళ మేష్టారు పోయుంటే ఏం చేసేవాడివిరా? అద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవాడివా?" బోర్డు ఎత్తుకుని, వెనక్కి చూడకుండా గదివైపు వెళ్లిపోయాడు. అతని కోపం వేళాకోళంగా మారుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను. మారలేదు.

నర్సమ్మ తన జత తిప్పి చూస్తోంది. "ఇందులో ఆరు అని ఉంది. నాకు అయిదున్నర ఉండేది. ఆరైంది మొన్ననేగా?"

బావ తల దించుకున్నాడు.

"మేష్టారిది పదిన్నర. ఇదీ మొన్నటిదే." ఆవిడ కాగితాలు గోటితో గీకి చూసింది. ఒకదాని కింద ఒకటి, పాత నంబర్ల చీటీలు. "ప్రతి ఏడాదీ అద్దాలు మార్చావా?"

"నంబరు మారితే మార్చాలిగా."

"ఇవ్వనివాటికి కూడానా?"

"ఎప్పుడైనా ఇస్తానేమోనని" అన్నాడు బావ.

ఆవిడ ఆయన కేసి చాలాసేపు చూసింది. రోగి చెప్పింది నమ్మాలా వద్దా అని చూసే చూపు. "లే నాయనా, ముందు బీపీ చూస్తాను" అంది.

ఆ రోజు గదిలో మెకానిక్ మంచం గోడవైపు తిప్పుకున్నాడు. బావ మూడుసార్లు లేచి వెళ్లి తలుపు గడియ చూసొచ్చాడు. నాలుగోసారి లేస్తే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చల్లగా ఉంది ఆ చెయ్యి. "నాకు మిగిలింది ఈ ముగ్గురేరా" అన్నాడు. అక్క సంగతీ నా సంగతీ గుర్తు చెయ్యబోయి మానేశాను. ఆయన చెప్పేది ఏమిటో నాకు అర్థమైంది.

మర్నాడు ముగ్గురూ ఆ ఈత జోళ్లు పెట్టుకునే వెళ్లారు. బావకు ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఎక్కడ కూర్చున్నా ఒకటే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, కట్టుకున్నాడు. నీళ్లలోంచి ఎవరైనా ఒడ్డుకేసి చూస్తారేమోనని ఆయన, చూడకపోతే ఆయన ఏమైపోతాడోనని నేను. ఎవరూ చూడలేదు. వాళ్లకు మొదటిసారి చూడ్డానికి సముద్రమంతా ఉంది.

పావుగంట గడిచిందో లేదో మేష్టారు వెనక్కి వచ్చేశాడు. అద్దెకు తెచ్చిన బోర్డు ఇసుకలో పడేసి, జోడు నుదుటి మీదికి తోసి, "అవేంటోయ్, అంతేసి ఉన్నాయి?" అన్నాడు.

"ఏవి?"

"అలలు! మేడలంత ఉన్నాయి! ఎప్పుడూ అంతే ఉంటాయా?"

"ఇరవై రెండేళ్లుగా అంతే ఉన్నాయి మేష్టారూ."

"నాకెవరూ చెప్పలేదే" అని బావ పక్కన చతికిలబడ్డాడు. "ఇన్నాళ్లూ ఏదో మెత్తగా వస్తోంది, ఎక్కేద్దాం అనుకునేవాణ్ణి. కనిపిస్తుంటే ఎలా ఎక్కుతారు ఎవరైనా?" నాకు నవ్వొచ్చింది. బావకు రాలేదు. ఆయన కళ్లు నీళ్లలో ఉన్న మెకానిక్ మీదే ఉన్నాయి. మెకానిక్ మునుపెన్నడూ లేనంత బాగా నిలబడుతున్నాడు. బాగా నిలబడిన కొద్దీ బావ ఇసుకలోకి కుంగిపోతున్నాడు.

ఎండ బాగా ముదిరాక మెకానిక్ బయటికి వచ్చాడు. నిన్నటినుంచి మా బావతో ఒక్క మాట లేదు. నీళ్లు కారుతూ నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. తల మీంచి జోడు లాగి, చెయ్యి చాపాడు.

"ఎడమ కంట్లో తేడాగా ఉంది. చూడు."

బావ గబుక్కున లేచాడు. రెండు చేతులతో అందుకున్నాడు. చొక్కా అంచుతో అద్దం తుడిచి, ఆకాశానికి ఎత్తి, ఒక కన్ను మూసి, వంచి, తిప్పి, చాలాసేపు చూశాడు. మెకానిక్ నడుం మీద చేతులు పెట్టుకుని, కస్టమర్లు నిలబడినట్టే విసుగ్గా నిలబడ్డాడు.

అందులో ఏ తేడా లేదని బావ ఇంటికొచ్చాక నాతో చెప్పాడు. అప్పుడు మాత్రం నుదురు చిట్లించి, తల ఊపి అన్నాడు.

"అవునవును, ఉంది. సోమవారం షాపుకి రా. సరిచేస్తాను."

"ఒక్కరోజులో అయ్యేదేనా?"

"కాదు. రెండు మూడుసార్లు రావాలి."

"నీ షాపు ఎప్పుడూ ఇంతేగా" అని మెకానిక్ తువ్వాలు కోసం చుట్టూ చూశాడు. బావ తన భుజం మీదిది తీసి ఇచ్చాడు.